మెట్ల కింద

గిరింపేటలో అద్దెకు తీసుకున్న మేడమీది హాలు.
మా పాపకు పేరుపెట్టి ఇంకా గంట కాలేదు,
అప్పుడే పదకొండు ఒళ్లు మారింది.
ఒక్కో ఒడికి ఒక్కో సెంటు వాసన, గాజుల గలగల,
"నేనెవురో చెప్పుకో" అని ఒక మొహం.

మొదట ఆవులించింది. నిద్రన్నారు.
వెక్కిళ్లొచ్చినాయి. పేగు పెరగతా ఉందన్నారు.
గిలక్కాయ మొహం ముందర ఆడిస్తే
తల పక్కకు తిప్పుకోని
సున్నం రాలిన గోడకేసి చూసింది.
అబ్బో, సిగ్గే! అని నవ్వినారు.
పది వేళ్లూ విడదీసి బిర్రుగా చాపింది,
ఇంక చాలన్నట్టు.
దానికి మాత్రం ఎవురూ ఏమీ అనలా,
ఫోటో తీసుకున్నారు.

ఆ తర్వాత కదా ఏడుపు.

ఆకలని ఒకరు, కడుపులో గాలని ఒకరు.
రెడ్డెమ్మ పెద్దమ్మ ఉప్పూ మిరపకాయలూ తెమ్మని కేకేసింది.
బామ్మర్ది సెల్లులో పిల్లల పాట పెట్టి
ఇంకా సౌండు పెంచినాడు.
ఒక ఏడుపు ఆపడానికి
ఎంత చప్పుడు చేస్తామో మనం.

నాకు తెలుసు ఆ గోడ.
మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో పన్నెండు గంటలు,
బాయిలరు, డబ్బాల బెల్టు,
తోతాపురి తియ్యవాసన ముక్కులోనే పులిసిపోయి
ఇంటికొచ్చినా చెవుల్లో బెల్టు తిరగతానే ఉంటుంది.
హేమలత అన్నం పెడతా, ప్రేమగానే, ఏదో అడగతాది.
నేను గోడ పక్కకి తిరిగి పడుకుంటాను.
కోపమనుకుంటుంది.
కాదని చెప్పడానికి కూడా
ఇంకో మాట కావాల కదా.

పాపనెత్తుకోని మెట్లు దిగినాను.
కింద నీళ్ల క్యాన్లు పెట్టే చోటు. ఒక గుడ్డి బల్బు, చల్లదనం.
జరీ గౌను గుండీలు ఇప్పితే
మెడచుట్టూ ఎర్రటి గీత.
ఊపలేదు. జోకొట్టలేదు. బుజ్జగించలేదు.
వీపు మీద అరచెయ్యి ఆనించి ఊరికే నిలబడినాను,
లోడు దించినాక లారీ నిలబడినట్టు.

వెంటనే ఏం ఆగలేదు.
విల్లు మాదిరి వంగింది, నా చొక్కా తడిపింది.
ఏదో క్యాను నించి చుక్కలు కారతా ఉంటే
వాటిని లెక్కపెట్టినాను, నూటా నలభై దాకా.
ఎప్పుడు వదులయిందో పిడికిలి.

హేమ వెతుక్కుంటా వచ్చి
మూడో మెట్టు మీద ఆగిపోయింది.
పాపను చూసింది. తర్వాత నన్ను,
చానాసేపు నన్నే.
ఏదో అడగబోయి
చెయ్యి చాపి బల్బు ఆర్పేసింది.

పైన మైకులో
"లోహితా, లోహితా" అని పిలస్తా ఉండారు.
అది తన పేరని
పాపకింకా తెలీదు.