బూడిదలో పెట్టిన చక్రం

మురకంబట్టులో ఖాజాపీరు సైకిల్ షాపు వెనక
ఆదివారం పూట నాలుగు ముసుగులు.
దించితే ఎవరం ఎవరో తెలీదు.
ఎత్తితే,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలరు చూసే ఢిల్లీబాబు,
పశువులాసుపత్రి కాంపౌండరు హేమావతి,
డిపోలో ముప్పై ఏళ్లు బస్సుల కింద పడుకుని
రిటైరైనాక కూడా లేవబుద్ధి కాని చెంగల్రాయులన్న,
పోస్టాఫీసులో ముద్రలు కొట్టే నేను.

ఇది మాకు కూడు పెట్టే పని కాదు.
కూడు మానిపించే పని అంటుంది మా ఇంట్లో ఆమె,
చల్లారిన సంగటి మీద మూత పెడుతూ.

మొదట్లో నా రాడ్డు ఇనుముకి అంటుకుపోయేది,
అప్పుకొచ్చిన చుట్టం అరుగుకి అంటుకున్నట్టు.
లాగితే రాదు. ఊపితే ఎర్రగా కాలి వంగిపోతాది.
"తొంభైలో పెట్టినావా? నూటపదికి తిప్పు.
ఎర్తు క్లాంపు పెయింటు మీద కరిపించినావే,
గీకు ముందు."
"రాడ్లు నెమ్ము పట్టినాయన్నా,
మిద్దె మీద ఎండబెట్టు, వడియాలనుకో."
చెంగల్రాయులన్న ఏమీ చెప్పలా.
వెనక నిలబడి నా మోచెయ్యి కింద అరచెయ్యి పెట్టినాడు.
చెయ్యి కాదబ్బా, ఊపిరి వణకతాండాది, అన్నాడు.

ముద్ర కొట్టే చెయ్యికి తొందర అలవాటు.
ఇక్కడ తొందరపడితే అతుకు సన్నగిల్లుతాది,
తడబడి ఆగితే బొక్క.
తాళింపులో ఆవాల మాదిరి
చిటపట ఒక్క తీరుగా ఉంటే సరిగ్గా పోతాందని లెక్క.
ఆ తీరు నా చెవికెక్కడానికి రెండు వానాకాలాలు.
ఒక రాత్రి కళ్లలో ఇసక పోసినట్టయి
ఆలుగడ్డ చక్రాలు కట్టుకుని పొర్లినాను కూడా.
మర్నాడు హేమావతి ఏవో చుక్కలు పోసింది,
దూడలకేసేవి కాదని ఒట్టేసి.

చిట్టెం గురించి చెప్పాల.
సుత్తి తాకకుండానే
అది దానంతటది కుబుసంలా లేచొచ్చిన రోజు
ముగ్గురూ వంగి చూసినారు.
బాగుందని ఒక్కరూ అనలా.
"ఇంగొకటి ఇట్టాంటిదే వెయ్యి" అన్నారు.

పోయిన వారం తవణంపల్లె నించి సుబ్బరత్నమ్మ
టెంపోలో పళ్ల చక్రం తెచ్చింది, చెరుకు గానుగది.
పోత ఇనుము. రెండు పళ్ల మధ్య పగులు.
ఆ కంపెనీ మూతపడి ఎన్నేండ్లో.
చేన్లో చెరుకు నిలబడుండాది.

పోత ఇనుమంటేనే వాదులాట.
నికెలు రాడ్డే కావాల. కాదు, ఇత్తడితో అతుకుదాం.
పగులు కొసన బెజ్జం వెయ్యకపోతే పాకతాది.
నేను నా తప్పు చెప్పినా:
కుట్టుమిషను కాలు అతికి, మురిసిపోయి,
తొందరగా ఆరాలని నీళ్లు చల్లితే
టిక్ అన్నది.
గడియారం ముల్లంత చప్పుడు, అంతే.
ఎవరూ నవ్వలా.
డెబ్భై దగ్గరికొచ్చిన చెంగల్రాయులన్న
జేబులో నోటుబుక్కు తీసి
నా తప్పు రాసుకున్నాడు.

తర్వాత రాడ్డు నా చేతికిచ్చినారు.
ఒకసారి పగలగొట్టినోడివి, నీకే తెలుసు, అని.

బొగ్గుల మీద చక్రం కాగింది.
అంగుళం వేసేది, ఆగేది,
గుండు సుత్తితో మెల్లిగా తట్టేది.
మళ్లీ అంగుళం.
ఇంకెంతసేపని సుబ్బరత్నమ్మ అడిగితే
ఈనే ఆవు దగ్గర ఈ మాటన్నోళ్లని
బయటికి తోలతాను నేను, అంది హేమావతి.

పొద్దుగూకింది.
చక్రాన్ని బూడిదలో పూడ్చి గోనె కప్పినాం.
రేపటిదాకా తియ్యకూడదు.
ఇళ్లకి పోవచ్చు. ఎవరూ పోలేదు.
ఖాజాపీరు టీ తెచ్చి, చప్పుడు కాకుండా
గ్లాసులు నేల మీద పెట్టినాడు.
సుబ్బరత్నమ్మ గోనె మీద అరచెయ్యి ఆనించింది.
స్టేషను వైపు రైలు కూత వేస్తే
ఢిల్లీబాబు దాని మీద విసుక్కున్నాడు.

అంత చిన్న చప్పుడు
వినపడకూడదని
అందరం చెవులు పెట్టి వింటాండాం.