పద్దెనిమిది అడుగుల ఇసుక

పెంబా దీవిలో మా ఊళ్లో
రెండు అరుగులు ఎదురెదురుగా కూర్చుంటాయి.
ఒకటి లాంతరు గుర్తుది, ఒకటి తెడ్డు గుర్తుది.
మధ్యలో పద్దెనిమిది అడుగుల ఇసుక.
కొలిచింది నేనే, నా కాళ్లతోనే,
ఇత్తడి కూజా ఒక చేత, దాని కింద నిప్పులు,
రెండో చేతి వేళ్ల సందున టకటకలాడే బుల్లి కప్పులు.
ముప్పై ఏళ్లుగా కాఫీ అమ్ముతున్నాను.

ఓట్ల లెక్కింపు అయ్యాక
అటు పెదవి తగిలిన కప్పు ఇటు పనికిరాకుండా పోయింది.
అప్పు చేసి రెండో జత కొన్నాను.
మాకామే ముసలాయన పోయినప్పుడు
జనాజాకి భుజాలు చాలక
పొరుగూరి నుంచి అరువు తెచ్చుకున్నారు.
అక్కచెల్లెళ్లు గోడ మీదుగా ఉప్పు అడగడం మానేశారు.
నిజం చెప్పొద్దూ,
కాఫీతో పాటు ఆ అరుగు మాట ఈ అరుగుకి చేరేసిందీ నేనే,
దారిలో కాస్త వేడిచేసి.

అప్పుడొచ్చారు ముగ్గురు.
బికొంబో, పందొమ్మిదేళ్ల పిల్ల, చంకలో చుట్టిన చాప.
ఫోన్లు బాగుచేసే షామే.
హమద్ కూతురు తిమే.
"మామా, రేపు శుక్రవారం ఎటూ నడవకు.
ఇసుక మధ్యలో కూర్చుని పొయ్యి."
"నా గిరాకీ పోతుందే!"
"సగం ఎప్పుడో పోయిందిగా."

చాప పరిచారు. ఒకటే షరతు:
జవాబు చెప్పేముందు
ఎదుటివాడు అన్నది నువ్వు తిరిగి చెప్పాలి,
వాడు 'అవును' అనేదాకా.
చిలకల కొలువా ఇది, అని నవ్వాను.

మొదటి శుక్రవారం పిల్లకాయలొచ్చి పల్లీ అచ్చులు తినిపోయారు.
రెండోసారి ఒక మేక.
మూడోసారి ఫాకీ వచ్చాడు, నా పాత బాకీ తీర్చడానికట.
ఫాకీ ఏం వాగుతాడో చూద్దామని
వెనకే హమద్.

"ఆ రాత్రి నా కొడుకు నుదుటి మీద తొమ్మిది కుట్లు" అన్నాడు ఫాకీ.
బికొంబో హమద్ వైపు తిరిగింది.
"వాళ్లవాడికి దెబ్బ తగిలిందట."
"కాదు."
"కుట్లు పడ్డాయట."
"కాదు."
కూజాలో కాఫీ పొంగింది. నేను ఊదడం మరిచాను.
హమద్ ఇసుకలో వేలితో ఏదో గీశాడు, చెరిపాడు.
"తొమ్మిది" అన్నాడు.
"నీ కొడుకు నుదుటి మీద తొమ్మిది."
"అవును."

తర్వాత హమద్ వంతు.
"ఆరబెట్టిన లవంగాల మీద సముద్రపు నీళ్లు కుమ్మరించారు.
మూడు బస్తాలు.
తిమే నర్సు చదువు ఫీజు అది."
ఫాకీ "నీళ్లు" అన్నాడు. "మూడు బస్తాలు" అన్నాడు.
ఆ పైన గొంతు పెగల్లేదు.
లేచి చరచరా వెళ్లిపోయాడు
ఒక చెప్పు చాప పక్కనే వదిలేసి.

ఎవరూ నవ్వలేదు.
షామే చాప దులిపాడు.
ఇక రేపటి నుంచి నడకే అనుకుంటూ కుంపటి ఆర్పాను.

చీకటి పడ్డాక తిమే ఆ చెప్పు పట్టుకుని
లాంతరు వీధిలోకి వెళ్లింది.
దాని వెంట నేనూ, కాస్త దూరంగా
(ముసలి చెవులకు ఆకలెక్కువ).
గడప దాటలేదు పిల్ల. చెప్పు మెట్టు మీద పెట్టింది.
లోపల దీపం లేదు.
చాలాసేపటికి తలుపు వెనక నుంచి ఒక గొంతు:
"నీ చదువు ఫీజు అది."
"అవును" అంది తిమే.
అంతే. వచ్చేసింది.

నీళ్లు పోసిందెవరో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.
అక్కచెల్లెళ్ల గోడ అలాగే ఉంది.
ఫాకీ ఓటు లాంతరుకే, హమద్ ఓటు తెడ్డుకే,
ఆ సంగతి చాప మీదే అరుచుకుంటారు,
ఒకరి అరుపు ఒకరు అప్పజెప్పుకుంటూ,
సాయంత్రమంతా సాగుతుంది, నాకు మంచి బేరం.

నిన్న బావి దగ్గర కడుగుతుంటే
రెండు జతల కప్పులూ కలిసిపోయాయి.
ఏది ఎవరిదో చూద్దామని కళ్లజోడు కోసం తడిమాను.
జేబులోనే ఉంది.
పెట్టుకోలేదు.