కేస్ షీట్లో ఒక మాట

నూట ఎనభై రెండు రోజుల తర్వాత
యూనిఫాం బొత్తాలు పట్టలేదు.
పిన్నీసు పెట్టుకున్నాను.
నిస్సీని సెల్వి అక్క చేతుల్లో పెట్టేటప్పుడు
పిల్ల నిద్రలోనే ఉంది,
నా చున్నీ అంచు మాత్రం గుప్పిట్లో ఉంది.
ఒక్కో వేలూ విప్పాను
కాన్యులా తీసినట్టు, నొప్పి తెలియకుండా.
ఎవరికి తెలియకుండా అన్నది వేరే సంగతి.
వ్యాసర్పాడిలో లోకల్ అప్పటికే కదులుతోంది.

పాప ఎవరి పోలిక అని వార్డంతా అడిగారు.
చెప్పేలోపు ఏడో బెడ్ బెల్లు మోగింది.
ఆ ప్రశ్న ఇంకా అక్కడే
చల్లారిన టీ పక్కన ఉండే ఉంటుంది.

నేను వెళ్ళేటప్పుడు ఒకరికి ఆరుగురు రోగులు.
ఇప్పుడు పదకొండు మంది.
"రెస్టు బాగా దొరికిందా?" అంది ఇన్‌చార్జి కనకవల్లి సిస్టర్.
కుట్లు మానడాన్ని రెస్టు అంటారని
తొమ్మిదేళ్ళ సర్వీసులో నాకెవరూ చెప్పలేదు.

పాలు పిండుకోవడానికి గది ఉందని సర్క్యులర్లో ఉంది.
గదిలో రెండు విరిగిన వీల్‌చైర్లు,
పోయిన క్రిస్మస్ నక్షత్రం,
గొళ్ళెం లేని తలుపు.
దానికి వీపు ఆనించి నిలబడతాను.
ఇంకా, ఇంకా, ఇంకా, అంటుంది పంపు.
పన్నెండు నిమిషాల్లో మూడు పిలుపులు.
సీసా మీద అలవాటు కొద్దీ రాశాను
పేరు, తేదీ, టైము, బెడ్ నంబరు...
నంబరు దగ్గర పెన్ను ఆగింది.
స్టాఫ్ ఫ్రిజ్‌లో ఎవరిదో పులిహోర డబ్బా వెనక
దొంగసొమ్ములా దాచాను.

మూడో వారానికి
చేతులు పనిచేస్తున్నాయి, నేను కాదు.
ఒకరోజు హెపారిన్ సిరంజిలోకి లాగి
రెండో సంతకానికి పిలిస్తే
అజిత చూసి, గొంతు తగ్గించి,
"అక్కా, ఐదు వందలు కదా?" అంది.
నా చేతిలో ఐదు వేలు.
తను ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.
ఆ రాత్రి నిస్సీ తాగుతుంటే
గుటకలు లెక్కపెడుతూ కూర్చున్నాను,
ఎంత ఎక్కిందో తెల్లారి ఎవరికో లెక్క అప్పజెప్పాలన్నట్టు.

పదకొండో బెడ్‌లో తాయారమ్మాళ్.
కుడివైపంతా పడిపోయింది, మాట కూడా.
పంతొమ్మిది రోజులుగా థెరపిస్టు అమ్మాయి
బొమ్మల కార్డులు చూపిస్తోంది,
ఆవు, తాళంచెవి, కప్పు, రైలు.
ముసలమ్మ వాటిని దాటి గోడని చూస్తుంది.

రెండింటికి అయిపోవాల్సిన డ్యూటీ.
సాయంత్రం మనిషి రాలేదు.
నాలుగూ నలభైకి ఆమె దిండు సర్దుతూ వంగాను,
గొళ్ళెం లేని గదికి వెళ్ళి అప్పటికి ఏడు గంటలు.
విజిటర్లలో ఎవరి చంటిదో కేర్‌మంది.
నా పిల్ల కాదు.
ఆ ముక్క రొమ్ములకి ఎవరు చెప్పాలి?
బొత్తాలు దాటి, పిన్నీసు దాటి తడి.

ఆమె చూసింది.
పనిచేసే ఎడమ చేత్తో
దుప్పటి చెంగు ఎత్తి నా ఎదకి అడ్డం పెట్టింది.
వంకరపోయిన పెదవి చాలాసేపు కదిలింది,
తుప్పు పట్టిన కుళాయిలా.
"పాల్" అంది.
మా మాటే. చివర ఉకారం ఒక్కటే తక్కువ.

ఇక వార్డంతా పండగ.
డాక్టరు వచ్చి భుజం తట్టాడు, ఆమె భుజమే.
కొడుకు మైసూర్‌పాక్ పంచాడు.
పంతొమ్మిది రోజుల్లో ఆ మాటే ఎందుకొచ్చిందని
ఎవరికీ అనుమానం రాలేదు.
కార్డుల్లో ఆవు ఉంది కదా, అంది థెరపిస్టు అమ్మాయి.

రాసింది నేనే:
'రోగి ఒక మాట పలికింది. స్పష్టంగా. 4.40.'
ఏ సందర్భంలో అన్న గడి ఖాళీగా వదిలేశాను.
తడి ఆరేదాకా ఫైలు గుండెకి అదుముకుని నడిచాను.

ఖాళీ గడులుంటే కనకవల్లి సిస్టర్ ఊరుకోదు.
రేపు పిలుస్తుంది, అడుగుతుంది.
చెప్తాను.
హెపారిన్ సంగతి కూడా చెప్తాను,
అజిత పేరు లేకుండా.
లోకల్లో నిలబడి, ఎక్కడ మొదలుపెట్టాలా అని
బేసిన్ బ్రిడ్జ్ దాటేదాకా ఆలోచించాను.
గొళ్ళెం దగ్గర మొదలుపెడతాను.