తొంగున్న సోటు

విజయనగరం కంటోన్మెంట్ దారిలో
మా నాన్న వదిలిపోయిన కుట్టు దుకాణం.
గోడకి మేకు, మేకుకి నల్లట్ట నోటు పుస్తకం.
ఏ రిబ్బను ఎవరికి, ఏది ముందు, ఏది వెనక,
ఎడమ జేబుకి ఎన్ని వేళ్ల పైన,
అన్నీ ఆయన వంకర రాతలో.
మాజీ సైనికులెవరొచ్చినా
ముందు డిశ్చార్జి బుక్కు చూపించమంటాను.
"నా గుండె మీద నీకేటి పెత్తనం" అన్న సుబేదారూ ఉన్నాడు.
చూపించాకే కుట్టాను.

జనవరి ఇరవై నాలుగు, దీపాలవేళ
గజపతినగరం అవతల నుంచి
పిన్నింటి తవిటయ్య వచ్చాడు, మనవడి చెయ్యి పట్టుకుని.
బళ్లో ఫ్యాన్సీ డ్రెస్సు.
నిరుడు టమాటా అయ్యాడట. ఈ ఏడు సిపాయి.

ఫ్యాన్సీ డ్రెస్సుకి నిబంధనేముంది?
డబ్బాలో మిగిలిన ముక్కలన్నీ తీసి
పదకొండు రంగులు వరసగా కుట్టేశాను.
గుంటడు అద్దంలో చూసుకుని ఊపిరి బిగబట్టాడు.

తవిటయ్య కళ్లజోడు నుదుటి మీంచి దింపాడు.
"ఇది తీసీ బావూ."
తెలుపు నడుమ నీలిగీత ఉన్నది.
మిగతా పదిలోనూ చాలామట్టుకు ఆయనవి కావు.
వాటి జోలికి పోలేదు.
"పిల్లల వేషమే గదా" అన్నాను.
"యేసమైనా సరే."

పుస్తకం తీసి, ఆ రంగు ఎదుట నాన్న రాసింది చదివాను:
గీతకి పైన తొంభై రాత్రులు.
రాత్రంటే పడుకున్న చోటే లెక్క.
వెళ్లొచ్చినవి లెక్కలోకి రావు.

ఎక్కం ఒప్పజెప్పిన పిల్లాణ్ణి విన్నట్టు తలూపాడు.

వంటవాడు. గుడారం గీతకి ఇవతల, నలభై అడుగులు.
రోజూ రాత్రి పప్పు డబ్బా వీపుకి కట్టుకుని
మంచులో పైకి.
పద్నాలుగు మందికి వడ్డించి
గిన్నెలు మంచుతోనే తోమి
తెల్లారేలోగా కిందకి.
నూట ముప్పై రెండు రాత్రులు.
ఎడమకాలి వేళ్లు రెండు
గీతకి పైనే రాలిపోయాయి.
"అర్హత ఆటికే ఉంది బావూ.
అయ్యి ఇప్పటికీ అక్కడే తొంగున్నాయి."

"దరఖాస్తు పెట్టలేదా?"
"రాసింది నిజమే గదేటి. నాను కిందనే తొంగున్నాను."

తవిటయ్య.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
వాళ్లమ్మ పురిట్లోనే చేటలో పెట్టి
చారెడు తవుడికి పొరుగామెకి అమ్మి
మళ్లీ కొనుక్కుంది.
చావు తన చిట్టా తీసి చూసుకుంటే
ఈ బిడ్డ ఆవిడ బిడ్డ కాడు, లెక్క కలవదు.
ఒకసారి అలా దొంగలెక్కలో బతికాడు గనకేనేమో,
రెండోసారి ఒప్పుకోలేదు.

బ్లేడుతో పోగు పోగూ తెంపాను.
సూది కన్నాలు మిగిలాయి, ఇస్త్రీకీ పూడలేదు.
గుంటడు ఏడవలేదు.
కన్నాల మీద వేలు పెట్టి తాత వైపు తిరిగాడు.

"మరి కిందకొచ్చీసి
బాగా తొంగున్నావేటి తాతా?"

వినపడనట్టే కోటు మడతపెట్టి సంచిలో వేశాడు.
గుమ్మం దిగాక, చీకట్లోంచి, అన్నాడు:
"తొంగోడమా…
రేపు రేత్రికి పద్నాలుగు గిన్నెలూ
ముందుకి సాపుతారో నేదో అని
కన్ను మూసిందెప్పుడ్రా."

పది ముక్కలకే డబ్బులు తీసుకున్నాను.
పదకొండోది బల్ల మీదే ఉంది.
డబ్బాలో వెయ్యాలి.