ఇరవై ఆరు

మడివాళలో మా మెస్సు.
గల్లాపెట్టె పక్కనే యాభై లీటర్ల చేపల తొట్టి,
రెండు ఏంజెల్లు, ఆరు నియాన్లు.
ఆదివారం చేపల పులుసు తిని చేయి కడుక్కునేవాళ్ళు
"ఇవి రేపటికా అన్నా?" అని అడక్కుండా పోరు.
నవ్వి, చిల్లర ఇస్తాను.

డిసెంబరు. డబ్బాలో కొబ్బరినూనె గడ్డకట్టే బెంగళూరు చలి.
ఏంజెల్లు ఓ మూలకు చేరి
రెక్కలు ముడుచుకున్నాయి, మేత వేసినా కదల్లేదు.
ఒకదాని తోక మీద
ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు.

ముప్పై ఏళ్ళు మంటతో కాపురం చేసినవాణ్ణి.
పాకం వేళ్ళకు తెలుస్తుంది,
అన్నం సంగతి మూత చప్పుడే చెబుతుంది.
వేడి గురించి నాకింకెవడు చెప్పాలి?
కనబడ్డ కొట్లో పెద్ద హీటరు కొన్నాను,
మూడు వందల వాట్లది.
పెద్ద పొయ్యి మీద పని తొందరగా తెములుతుంది కదా.

ఆ రాత్రి దాని లోపలి స్విచ్చి అతుక్కుపోయింది.
పొద్దున షట్టరెత్తితే
తొట్టి అద్దం మీద ఆవిరి.
వేలు ముంచాను.
చంటిపిల్లకు లాలపోసే వేడి.
మనిషికైతే హాయి.

మస్తాన్ ఏమీ అనలేదు.
చిల్లుల గరిటె తీయబోయి, ఆగి,
వల తెచ్చాడు.

ఆ రోజు ఆదివారం. పులుసు పెట్టాం.

శివాజీనగర్‌లో నవాజ్ భాయ్ ధర చెప్పలేదు, రెండు ప్రశ్నలడిగాడు:
తొట్టి ఎన్ని లీటర్లు? రాత్రి మీ గదిలో ఎంత చలి?
రెండోదానికి నా దగ్గర జవాబు లేదు.
థర్మామీటరొకటి చేతిలో పెట్టి పంపేశాడు,
మూడు రాత్రులు రాసుకుని రమ్మని.
బిల్లుబుక్కు వెనక అట్ట మీద
పద్దెనిమిది, పదిహేడు, పదిహేడున్నర.
అప్పుడిచ్చాడు, డెబ్బై ఐదు వాట్లది.
"లీటరుకో వాటు, మీ చలికి ఇంకాస్త.
చిన్నదైతే పిచ్చెక్కినా మెల్లగా ఎక్కుతుంది,
చూసుకునే వ్యవధి నీకుంటుంది."

ఫిల్టరు నీళ్ళు తోసే చోట బిగించాను, గాజంతా మునిగేలా.
థర్మామీటరు అవతలి కొసన.
హీటరు మీద అంకెను నమ్మకు, నీళ్ళనడుగు అన్నాడుగా.
తీగ ప్లగ్గు కిందికోసారి వేలాడి పైకెక్కుతుంది,
జారిన బొట్టు అక్కడే రాలిపోయేలా.
నీళ్ళు మార్చే రోజు ముందు ప్లగ్గు పీకుతాను,
ఒక వాయి ఇడ్లీ దిగేంతసేపు ఆగుతాను.
వేడిగాజుకు గాలి తగిలితే పగులుతుంది.
ఆ ఆగడం నాకు రాదు. ఇంకా రాదు.

చేపలు లేకుండానే వారం నడిపాను.
ఖాళీ తొట్టికి కాపలా ఏంటి సామీ అన్నారు అందరూ.
ఎర్రదీపం వెలిగేది, ఆరేది.
ఇరవై ఆరు. ఇరవై ఆరు. ఒకరోజు ఇరవై అయిదున్నర,
ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఇప్పుడు మళ్ళీ రెండు ఏంజెల్లు.
తొట్టిని వంటింటి వైపు నుంచి కాస్త పక్కకు తిప్పాను,
ఎందుకని ఎవరూ అడగలేదు.
రాత్రి మూసేముందు పొయ్యి కట్టేశానో లేదో
మస్తాన్ చూస్తాడు.
నేను వంగి ఆ సన్నని ఎర్రగీత చదువుతాను.

నిన్న కూడా ఎవరో చేయి తుడుచుకుంటూ
"ఇవి రేపటికా అన్నా?"
"రేపటికే," అన్నాను.
ఆయన నవ్వాడు.
మస్తాన్ నవ్వలేదు.