రాయి బరువు

తమ్ముడి పేరు చెక్కడానికి రాయి నేనే ఏరుకున్నాను.
నిడుజువ్వి గనిలో, మూడో మెట్టు కింద,
నీళ్లు ఊరే చోట.
నల్లగా, ఒక్క జీర లేకుండా.
ఉలి మొన పెట్టి రెండు దెబ్బలేస్తే
తడిసిన పుస్తకంలో పేజీలా పొర విడిచింది.
"ఇంత పల్చనిదెందుకురా, రెండు వానలకు పగిలిపోతాది"
అన్నాడు మేస్త్రీ.
నేను పలకలేదు.

అట్లాంటి పొర కిందనే వాడు పోయింది.

మా బండలు చాలా దూరం పోతాయి.
బెంగుళూరు మెట్లకు, మద్రాసు వంటింటి గట్లకు.
కొలతలు అంగుళాల్లో రాసుకుంటాం,
బరువు మాత్రం మనుషుల్లో చెప్పుకుంటాం.
ఇది ఇద్దరి రాయి. అది నలుగురి రాయి.
తమ్ముడి మీద పడింది ఆరుగురి రాయి.
ఆ పొద్దు గనిలో ఉన్నది ముగ్గురం.

తీతు. రెండే అక్షరాలు.
అరగంట పనికి మూడు రాత్రులు కూర్చున్నాను.
పేరు కింద తేదీలు, తేదీల కింద
పాస్టరయ్య కాగితమ్మీద రాసిచ్చిన మాట:
ప్రభువునందు నిద్రించెను.

"ద్ర" దగ్గర ఉలి నిలిచిపోయింది.
వాడి నిద్ర నాకు తెలుసు.
ఎండాకాలం మిద్దెమీద అడ్డంగా పొర్లి
నా దుప్పటి లాక్కునేవాడు.
పనికి పొద్దెక్కుతోందని తట్టి లేపితే
"ఇంగ రోంతసేపన్నా" అని అటు తిరిగేవాడు.
నిద్రంటే అది.
తిట్టుకుంటూనైనా లేవడం ఉంటుంది దాంట్లో.
కాగితమ్మీద తప్పు పడితే కొట్టెయ్యొచ్చు,
రాతిమీద పడితే రాయే మార్చాల.
అయినా చెక్కాను.
అమ్మ అడిగింది గనక.

ఆదరణ కూడికకు కుర్చీలు అద్దెకొచ్చాయి.
పాటలయ్యాయి, వాక్యమయ్యింది,
ప్లాస్టిక్ గ్లాసుల్లో టీ అయ్యింది.
"అంతా దేవుని చిత్తం" అన్నారు ఎవరో.
మూడో మెట్టుకు దుంగలు ఆనించకపోవడం
ఎవరి చిత్తమో మాత్రం
ఎవరూ అనలేదు.
ఓనరు పంపిన కవరు జేబులో గుచ్చుకుంటుంటే
వీధిలోకొచ్చి బీడీ ముట్టించాను.

ఈస్టరు నాడు మూడున్నరకే లేచింది అమ్మ.
సున్నం బక్కెట, కొబ్బరిపీచు కుంచె,
రెండు కొవ్వొత్తులు, మూరెడు కనకాంబరాలు.
రైలుగేటు అవతల సమాధుల తోట.
తోటంటే పేరుకే. అన్నీ కంపచెట్లు,
ఆకుల మీద సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము.

చీకట్లో మొహాలు కనపడవు గనక అడిగేశాను.
"మా, ఆ ఆడోళ్లు గుహకాడికి పోయినారు గదా,
అంత రాయి ఎంత బరువుంటాదో తెలుసా నీకు?
తక్కువంటే పదిమంది రాయి.
గడ్డపార్లు కావాల, తాళ్లు కావాల.
ఎవురు దొర్లిస్తారనుకోని పోయినారు?"

అమ్మ బక్కెట చెయ్యి మార్చుకుంది.
"వాళ్లకీ తెలీదు నాయనా.
దావ పొడుగునా అదే అనుకున్యారంట,
రాయి ఎవురు దొర్లిస్తారబ్బా అని.
అనుకుంటానే నడిచినారు.
యాడా నిలబల్లా."

అంతే. ఇంకేం చెప్పలేదు.
గేటు పడింది. గూడ్సు పోయేదాకా
మేమిద్దరం నిలబడే ఉన్నాం.
యాభై ఎనిమిది పెట్టెలు.

అప్పటికే తోటలో అక్కడక్కడా వెలుతురు.
ఎవరి మట్టి దగ్గర వాళ్లు, గొంతు తగ్గించి,
పిల్లలు నిద్రపోయే ఇంట్లో మాట్లాడుకున్నట్టు.
అమ్మ గట్టుకు సున్నం కొట్టింది.
కొంగుతో రాయి తుడిచింది.
దీనమ్మకు చదువు రాదు.
"నిద్రనే మాట యాడుందిరా దీంట్లో?"
ఆమె వేలు పట్టుకుని ఆ గీతల్లో పెట్టాను.
వేలు కాసేపు అక్కడే తిరిగింది.
తర్వాత అరచేత్తో
రెండుసార్లు మెల్లగా తట్టింది,
పనికి పొద్దెక్కుతున్నప్పుడు
మిద్దెమీద నేను తట్టినట్టే.

ఏమీ కాలేదు.
తూరుపున కొంచెం ఎరుపు.
ఎవరో పాట ఎత్తుకున్నారు, శ్రుతి కుదరక ఆపి
మళ్లీ ఎత్తుకున్నారు.

రాయికింకా సిమెంటు పెట్టలేదు.
అంచు కింద వేళ్లు దూర్చి చూశాను.
లేచింది.
ఒక్కడి రాయి.
మేస్త్రీకి చెప్పలేదు గానీ,
గనిలో ఏరుకున్నప్పుడే
ఎత్తి చూసుకున్నాను.