బోడిగుండుకీ మోకాలికీ

కుతాయిసీలో మా నాట్యశాలకి
మూడు కిటికీలు, ఒక ఇనప పొయ్యి,
రంగు పోయిన చెక్క నేల.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ మూల స్టూలు నాది,
చంకలో డోలు నాది,
బట్టతలా నాదే.
మోకాళ్లు మాత్రం ముర్మాన్‌వి.

మా జార్జియాలో మగవాళ్లు గాల్లోకి ఎగిరి
పాదాల మీద దిగరు.
మోకాళ్ల మీద దిగుతారు.
బొంగరంలా తిరిగి
ఏమీ ఎరగనట్టు లేచి నిలబడతారు.
ఆ దిగిన చప్పుడు నా డోలు దెబ్బ కింద దాక్కోవాలి.
నాకు జీతం ఇచ్చేది అందుకే:
ఎముక మాట జనం దాకా పోకుండా.

కిందటేడు ద్రాక్షలు కోసే రోజుల నుంచి
అది దాగటం లేదు.
దెబ్బకి వెంట్రుకవాసి వెనక
అక్రోటు కాయ పగిలినట్టు
ఒక ఎండు చప్పుడు.
నేను తాళం కాస్త నెమ్మది చేశాను.
వాడు తలెత్తి చూశాడు.
"జాలి పడే పనైతే
చావు ఊరేగింపులకి వాయించుకో, ఫో!"
వేగం పెంచాను.

డాక్టర్ లమారా ఎక్స్‌రేని కిటికీకి ఆనించి పట్టుకుంది.
రెండు ఎముకల మధ్య ఉండాల్సిన సందు
ఒక పక్క ఉంది. ఇంకో పక్క లేదు.
గుజ్జు అరిగిపోయింది, అంది.
"ఎక్కడికి పోయింది?" అన్నాడు వాడు
పర్సు పారేసుకున్నవాడిలా.
ఎక్కడికో నాకు తెలుసు.
ఆ నేల నేను రోజూ ఊడుస్తాను.

ముందు లావు సూదితో నీరు తోడింది.
సిరంజిలో ఎండుగడ్డి రంగు.
"ఏ ఏటి సారా ఇది, డాక్టరమ్మా?"
ఆమె నవ్వలేదు.
తర్వాత మందు, పాలు విరిగినట్టు తెల్లగా,
చెంచాలో అడుగుకి కూడా చాలనంత.
వాడి బూట్లు పట్టుకుని నేను గోడ వైపు తిరిగాను.

"ఇది మంట ఆర్పుతుంది.
కాలిన ఇల్లు కట్టదు.
రెండు వారాలు ఎగరొద్దు.
ఏడాదికి మూడు దాటి అడగొద్దు.
మాటిమాటికీ పొడిపించుకుంటే
ఉన్న కాస్త గుజ్జునీ అదే తినేస్తుంది."
ఇన్నింట్లో వాడికి ఎక్కింది
'ఆర్పుతుంది' ఒక్కటే.

అయిదో రోజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు.
పిల్లలు చప్పట్లు.
పొయ్యి దగ్గర కోటు విసిరేసి
ఎగిరాడు,
ఇరవై రెండేళ్ల ముర్మాన్‌లా.
దిగాడు.
అక్రోటు పగిలింది.
వాడికి వినపడలేదు.
నొప్పి వాడిని వదిలేసి వచ్చి
నా స్టూలు పక్కన కూచుంది.

బోడిగుండుకీ మోకాలికీ ముడేమిటని
అందరూ ఎగతాళి చేస్తారు.
రండి, చూపిస్తాను.

మొదటి సూది పదకొండు వారాలు పట్టింది.
రెండోది ఏడు.
మూడోది, రియోనీ మీద మంచు కరిగే లోపే అయిపోయింది.
అయినా ఆ పదకొండు వారాలు చిన్నవి కావు.
ఎరెక్లే అనే పదమూడేళ్ల కుర్రాడికి
బరువు ముందు బూటు మడత మీదికి తెచ్చి
చిప్పని చివరికి ఆనించడం
వాడు చేసి చూపించింది అప్పుడే.
నోటితో చెబితే రాని విద్య అది.
ఆ కుర్రాడు దిగితే నా చెవికి
డోలు తప్ప ఏమీ తగలదు.

నాలుగోసారి లమారా తల అడ్డంగా ఊపింది.
"సరే, కుడికాలి వాటా ఇంకా మిగిలే ఉందిగా,
దాన్ని ఎడమకి మార్చు," అని బేరం పెట్టాడు.
ఆమె మొదటిసారి నవ్వింది.
నవ్వి, ఆపరేషను కాగితం రాసిచ్చింది.
వాడు దాన్ని చదవకుండా
నా జేబులో కుక్కాడు.

ఆసుపత్రి మెట్లకి ఒక పక్క రైలింగు ఊడిపోయింది.
పట్టుకోవటానికి దొరికింది
ఒక మెట్టు కింద నడుస్తున్న నా నెత్తి.
వాడి అరచెయ్యి చెమటగా, బరువుగా.
పక్కకి తిరిగి, ముందు ఎడమకాలు, తర్వాత కుడి.
నేను నోటితో తాళం వేశాను,
నెమ్మదిగా,
ఎప్పుడూ వేయనంత నెమ్మదిగా.
ఈసారి వాడు
ఫో అనలేదు.